రోదసి పేలుడు వెలుగు: ఫోటోషాప్‌లో రూపకల్పన, విజయవాడ వాడుక

నల్లటి ఆకాశంలో నక్షత్రమో గ్రహమో బద్దలై, నడిమధ్య కళ్లు చెదిరే తెలుపు, దాని చుట్టూ పసుపు, ఆపైన నారింజ, ఎరుపు, చివరికి మళ్లీ చీకటి. ఇలాంటి దృశ్యాన్ని ఇమేజ్ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో పుట్టించే పద్ధతిని డిజైనర్లు స్పేస్ ఎక్స్‌ప్లోజన్ ఎఫెక్ట్ అంటారు. దీనికి ఫోటో ఏదీ అక్కర్లేదు. ఖాళీ నల్ల ఫైలు, నాలుగైదు ఫిల్టర్లు, లేయర్లను కలిపే పద్ధతి మీద పట్టు ఉంటే చాలు. సినిమా పోస్టర్లు, అభిమాన సంఘాల ఫ్లెక్సీలు, కాలేజీ ఫెస్టుల బ్యానర్లు, యూట్యూబ్ థంబ్‌నెయిళ్లు, పండుగ శుభాకాంక్షల బోర్డుల మీద దేవతామూర్తి వెనక పెట్టే కాంతివలయం, అన్నిటికీ మూలం ఈ ఒక్క పనితనమే.

విజయవాడలో దీని వాడకం ఎక్కువ. అది సినిమా పంపిణీ వ్యాపారానికి గాంధీనగర్ కేంద్రంగా పేరుపడ్డ ఊరు, పత్రికలకూ పుస్తక ప్రచురణకూ పాతకాపు. ఇక వన్ టౌన్ దాని పాత వ్యాపార కేంద్రం. ఆంధ్రప్రదేశ్ తొలి స్పీకరు అయ్యదేవర కాళేశ్వరరావు పేరున్న మార్కెట్టు, బట్టల టోకు వ్యాపారానికి పేరైన వస్త్రలత, ఇంద్రకీలాద్రి మీద కనకదుర్గమ్మ గుడి, గాంధీ కొండ మీద నక్షత్రశాల ఈ పక్కనే ఉన్నాయి. కొత్త కొట్టు తెరిచినా, దసరా వచ్చినా, హీరో పుట్టినరోజు వచ్చినా ఇక్కడ బోర్డు పడాల్సిందే. ఆ బోర్డు మీద ఎక్కడో ఒకచోట వెలుగు పేలాల్సిందే.

ఇంత విరివిగా వాడినా ఈ పనిని చాలామంది తలకిందులుగా నేర్చుకుంటారు. వెలుగు కావాలంటే ప్రకాశవంతమైన రంగులు పోస్తారు. కాగితం మీదైనా తెర మీదైనా తెలుపు కంటే తెల్లనిది లేదు, 255 దాటి అంకె లేదు. కాబట్టి పేలుడు మిరుమిట్లు గొలపాలంటే చుట్టూ ఉన్న నలుపును కాపాడుకోవాలి, తెలుపు నుంచి నలుపుకు దిగే మెట్లను సరిగా కట్టుకోవాలి. కర్పూర హారతి గర్భగుడి చీకట్లో వెలిగినట్టు మిట్టమధ్యాహ్నం మంటపంలో వెలగదు. ఈ వ్యాసంలో చెప్పే పద్ధతులన్నీ ఈ ఒక్క సూత్రం చుట్టూనే తిరుగుతాయి.

కూడిక లెక్క

కంప్యూటరు తెర మీద ప్రతి పిక్సెల్‌కూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు అంకెలు ఉంటాయి. ఒక్కొక్కటి 0 నుంచి 255 దాకా. ఒక లేయరు మీద ఇంకో లేయరు మామూలుగా పెడితే పైది కిందదాన్ని కప్పేస్తుంది. రంగు డబ్బాతో గోడ మీద వేసే పూత లక్షణం అది. వెలుగు అలా కప్పదు. రెండు దీపాలు ఒకే గోడ మీద పడితే గోడ మరింత వెలుగుతుంది. ఆ కూడికను లెక్కల్లో పట్టడానికే బ్లెండ్ మోడ్‌లు ఉన్నాయి.

స్క్రీన్ మోడ్‌లో రెండు అంకెలనూ తిరగేసి, గుణించి, మళ్లీ తిరగేస్తారు. 128 మీద 128 పెడితే 192 వస్తుంది. ఎన్నిసార్లు పెట్టినా 255 వైపు నెమ్మదిగా జరుగుతుందే తప్ప హఠాత్తుగా కొట్టుకోదు. లీనియర్ డాడ్జ్ సూటి కూడిక. 128, 128 కలిస్తే 256 కావాలి, పైకప్పు 255 కాబట్టి అక్కడే ఆగిపోయి తెల్లబడుతుంది. మంట నడిబొడ్డుకు ఇది బాగుంటుంది, అంచులకు పనికిరాదు.

కలర్ డాడ్జ్ దారి వేరు. కింది అంకెను, పై అంకె తిరగేసిన విలువతో భాగిస్తుంది. పైన 200 ఉన్న నారింజ రంగు పూసి, కింద 60 ఉంటే ఫలితం 255కి తగులుతుంది. కింద 30 ఉంటే 139 దగ్గర ఆగుతుంది. కింద 10 ఉంటే 46. కింద 0 ఉంటే 0 గానే మిగులుతుంది. అంటే నలుపు నలుపుగానే ఉండి, కాస్తో కూస్తో వెలుగున్న చోట్లే భగ్గుమంటాయి. అదే 200ను స్క్రీన్‌లో 10 మీద పెడితే 202 వచ్చి చీకటంతా పాలిపోతుంది. తొలిసారి ఈ పని చేసేవాళ్ల బొమ్మల్లో ఆకాశం బూడిద రంగుకు తిరగడానికి కారణం ఎక్కువగా ఇదే. అప్పటికే మబ్బులు పరచిన చోట రంగు ఎక్కించడానికి కలర్ డాడ్జ్, వట్టి నలుపు మీద కొత్త వెలుగు తెచ్చి పెట్టడానికి స్క్రీన్. ఈ తేడా చేతికి వస్తే సగం పని వచ్చినట్టే.

తయారీ

2000 పిక్సెళ్ల పొడవు, 2000 పిక్సెళ్ల వెడల్పుతో ఆర్‌జీబీ ఫైలు తెరిచి నలుపు నింపాలి. కుదిరితే ఛానల్‌కు 16 బిట్ల ఫైలు మంచిది, ఎందుకో ఫ్లెక్సీ దగ్గర చెప్పుకుందాం. కొత్త లేయరులో రెండర్ ఫిల్టర్లలోని క్లౌడ్స్ వేస్తే బూడిద రంగు మబ్బులు వస్తాయి. దాని మీదే డిఫరెన్స్ క్లౌడ్స్ నాలుగైదుసార్లు వేయాలి. ప్రతిసారీ పాత మబ్బుకూ కొత్త మబ్బుకూ మధ్య తేడా మాత్రమే మిగులుతుంది, పాలరాతిలో గీతల్లా నల్లటి నరాలు తేలతాయి. ఇన్వర్ట్ చేస్తే అవి తెల్లటి నరాలవుతాయి. లెవల్స్‌లో ఎడమ వైపు నల్ల గుర్తును బాగా లోపలికి జరిపితే మబ్బులో ముప్పాతిక భాగం చీకటిలోకి పోయి మంట తీగలే మిగులుతాయి. చేయి వెనక్కి లాగేది ఇక్కడే. ఇంత నలుపు ఎందుకనిపిస్తుంది. కానీ ఆ నలుపే తరువాత పెట్టుబడి.

ఇప్పుడు రేడియల్ బ్లర్. జూమ్ ఎంచుకుని మోతాదు 100కు పెంచితే తీగలన్నీ నడిమధ్య నుంచి బయటికి దూసుకుపోయినట్టు సాగుతాయి. ఈ లేయరుకు ముందే నకలు తీసి పెట్టుకోవాలి. సాగిన నకలు, సాగని అసలు రెండింటినీ స్క్రీన్‌లో కలిపితే వేగం, ఆకారం రెండూ దక్కుతాయి. ఒక్క బ్లర్ లేయరే ఉంచితే పేలుడు కాదు, సొరంగంలో రైలు పోతున్నట్టు ఉంటుంది. రేడియల్ బ్లర్ కేంద్రాన్ని డైలాగ్ పెట్టెలోని చిన్న చదరంలో జరిపి పెట్టాలి. రెండు లేయర్లకు రెండు కేంద్రాలు పడితే కంటికి వెంటనే తెలిసిపోతుంది, సరిదిద్దడానికి మళ్లీ మొదటికే రావాలి.

కిరణాలు విడిగా చేయాలి. నల్ల లేయరులో యాడ్ నాయిస్ వేసి, మోనోక్రొమాటిక్ పెట్టి, క్రిస్టలైజ్‌తో చుక్కలను కాస్త పెద్దవి చేసి, థ్రెషోల్డ్‌తో పదింట తొమ్మిది చుక్కలను చంపేయాలి. మిగిలిన వాటికి రేడియల్ బ్లర్ వేస్తే ఒక్కో చుక్కా ఒక్కో కిరణమవుతుంది. బ్లర్ చేసినప్పుడు చుక్కలోని వెలుగు పొడవునా పంచుకుపోయి మసకబారుతుంది కాబట్టి లెవల్స్‌తో పైకి తేవాలి. చుక్కలు పెద్దవి చేయకుండా వెళ్తే ఈ దశలో ఏమీ మిగలదు. పాత పద్ధతి ఇంకొకటుంది: నాయిస్‌కు నిలువుగా మోషన్ బ్లర్ వేసి, పోలార్ కోఆర్డినేట్స్‌తో చుట్టేయడం. నిలువు గీతలన్నీ వృత్తంలో కిరణాలవుతాయి. చట్రం ఎడమ, కుడి అంచులు కలిసే చోట అతుకు కనబడుతుంది, దాన్ని తుడుచుకోవాలి.

కేంద్రంలో తెలుపు నుంచి పారదర్శకానికి వెళ్లే వృత్తాకార గ్రేడియంట్ ఒకటి స్క్రీన్‌లో పెట్టాలి. అది బొమ్మ వెడల్పులో ఎనిమిదో వంతు మించకూడదన్నది ఈ వ్యాసం అభిప్రాయం. మించితే అన్ని వివరాలనూ మింగేస్తుంది.

రంగు చివర్లోనే వేయాలి. అప్పటిదాకా బొమ్మ నలుపు తెలుపుల్లోనే ఉండటం మంచిది. గ్రేడియంట్ మ్యాప్‌లో నలుపు, ముదురు ఎరుపు, నారింజ, పసుపు, తెలుపు వరసలో పెడితే చీకటి నుంచి వెలుగు దాకా ప్రతి మెట్టుకూ దాని రంగు అమరుతుంది. ఎరుపు గుర్తును మధ్యకు జరిపితే ఆరిపోతున్న నిప్పు, ఎడమకు జరిపితే అప్పుడే అంటుకున్న మంట. ఇదే వరసను నలుపు, ముదురు నీలం, ఆకాశ నీలం, తెలుపుగా మారిస్తే ఒక్క క్షణంలో మరో నక్షత్రం.

ఇక అసలు వెలుగు. బొమ్మనంతా ఒక కొత్త లేయరుగా ముద్ర వేసుకుని గాసియన్ బ్లర్ వేసి స్క్రీన్‌లో పెట్టాలి. ఒక్కసారి కాదు, మూడుసార్లు: 15 పిక్సెళ్ల వ్యాసార్ధంతో ఒకటి, 50తో ఒకటి, 150తో ఒకటి, ఒక్కొక్కదాని ఒపాసిటీ తగ్గించుకుంటూ. లేయర్ స్టైల్‌లోని అవుటర్ గ్లో ఒక్క నొక్కుతో వస్తుంది కదా అనిపించవచ్చు. అందులో వెలుగు అంచు చుట్టూ ఒకే మందంలో పట్టీలా అంటుకుంటుంది. నిజమైన దీపం వెలుగు దగ్గర నిటారుగా పడిపోయి, దూరంలో చాలా మెల్లగా చీకటిలో కలుస్తుంది. మూడు బ్లర్‌లు కలిసి ఆ వంపును దాదాపుగా తెస్తాయి. పేలుడు వెలుగుకూ నియాన్ బోర్డు వెలుగుకూ తేడా అంతా ఆ వంపులోనే ఉంది.

లెన్స్ ఫ్లేర్ గురించి ఒక మాట. నల్లటి లేయరు మీద వేసి స్క్రీన్‌లో పెడితే ఎక్కడికైనా జరుపుకోవచ్చు. అయితే అది కెమెరా అద్దంలో పుట్టే ప్రతిబింబం, పేలుడులో భాగం కాదు. ఫోటోలా కనిపించాలన్నప్పుడు మాత్రమే దానికి చోటుంది.

చివరగా శిథిలాలు. మంటకు అడ్డంగా నల్లటి రాళ్ల ముక్కలు నాలుగు పెట్టి, మంట వైపు అంచుకు మాత్రం సన్నటి నారింజ గీత ఇస్తే బొమ్మకు లోతు వస్తుంది. వెలుగు ముందు నిలబడ్డ చీకటి ముక్క, వెలుగు ఎంత దూరంలో ఉందో చెబుతుంది.

అసలు రోదసిలో ఏం జరుగుతుంది

భూమి మీద పేలుడులో పొగ పైకి లేస్తుంది, నిప్పురవ్వలు వంగి కింద పడతాయి. దసరాకో దీపావళికో కృష్ణ మీద కాల్చే తారాజువ్వ విచ్చుకున్నాక ప్రతి రవ్వా విల్లులా వంగుతుంది. గాలి నిరోధం, గురుత్వాకర్షణ చేసే పని అది. గ్రహాలకు దూరంగా, శూన్యంలో అవి రెండూ అడ్డురావు కాబట్టి ముక్కలు నేరుగా, అన్ని దిక్కులకూ పోతాయి. రేడియల్ బ్లర్‌లోని తిన్నని గీత రోదసికి నప్పడానికి కారణం ఇదే. ఊళ్లో తీసిన బాణసంచా ఫోటోను తెచ్చి నక్షత్రాల మధ్య అతికిస్తే ఏదో తేడాగా అనిపించేది కూడా అందుకే.

మహా నక్షత్రాల చావును సూపర్‌నోవా అంటారు. 1054లో చైనా పరిశీలకులు వృషభరాశిలో ఒక కొత్త చుక్కను చూసి రాసుకున్నారు. అది 23 రోజులపాటు పగటిపూట కూడా కనిపించింది. దాని శిథిలమే సుమారు 6,500 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న క్రాబ్ నెబ్యులా. అందులో అల్లుకుపోయిన తీగలను చూసినవారికి డిఫరెన్స్ క్లౌడ్స్ ఎందుకు నమ్మశక్యంగా ఉంటుందో అర్థమవుతుంది. 1987 ఫిబ్రవరిలో పెద్ద మెజెల్లాన్ మేఘంలో పేలిన 1987ఏ సూపర్‌నోవా చుట్టూ హబుల్ టెలిస్కోపు మూడు ఉంగరాలను చూపించింది. అవి పేలుడుతో పుట్టినవి కావు. నక్షత్రం వేల ఏళ్ల ముందే విసర్జించిన వాయువు పేలుడు కాంతికి వెలిగింది.

సినిమాల్లో పేలుడు చుట్టూ పళ్లెంలా విస్తరించే ఉంగరం వేరు సంగతి. 1991లో వచ్చిన ఆరో స్టార్ ట్రెక్ చిత్రంలో ప్రాక్సిస్ అనే ఉపగ్రహం పేలిన దృశ్యంతో అది ప్రాచుర్యంలోకి వచ్చింది. 1997లో స్టార్ వార్స్‌ను మళ్లీ విడుదల చేసినప్పుడు డెత్ స్టార్ పేలుడుకూ అలాంటి ఉంగరం తగిలించారు. చుట్టూ సమానంగా విస్తరించే పేలుడు బోలు గోళంలా వ్యాపిస్తుంది. గోళం అంచు దగ్గర మన చూపు ఎక్కువ మందం వాయువు గుండా వెళ్తుంది కాబట్టి అంచే ఎక్కువ వెలుగుతుంది, మధ్య భాగం పలచగా కనిపిస్తుంది. అందువల్ల చదునైన పళ్లెం కంటే, అంచు మెరిసి లోపల పలచబడిన గుండ్రటి పొర ప్రకృతికి దగ్గర. వృత్తాకార గ్రేడియంట్‌లో తెలుపును చివరి అంచుకు జరిపితే రెండు నిమిషాల్లో వస్తుంది.

రంగుల విషయంలో ఖగోళ శాస్త్రజ్ఞులూ డిజైనర్లూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. హబుల్ కెమెరా నలుపు తెలుపు చిత్రాలే తీస్తుంది, ఒక్కో ఫిల్టరుకు ఒక్కో చిత్రం. 1995 నాటి ప్రసిద్ధమైన 'సృష్టి స్తంభాలు' చిత్రంలో గంధకం వెలుగుకు ఎరుపు, హైడ్రోజన్‌కు ఆకుపచ్చ, ఆక్సిజన్‌కు నీలం కేటాయించారు. ఆ టెలిస్కోపు ఫైళ్లను ఫోటోషాప్‌లో తెరవడానికి 2004లో ఫిట్స్ లిబరేటర్ అనే ఉచిత ప్లగిన్ విడుదలైంది. ఒక్కో చిత్రానికి రంగు పూసి, లేయర్లను స్క్రీన్ మోడ్‌లో కలిపితే నెబ్యులా తయారు. అంటే వన్ టౌన్‌లో బ్యానర్ చేసే కుర్రాడు వాడే లెక్కా, అంతరిక్ష సంస్థల చిత్ర నిపుణులు వాడే లెక్కా ఒకటే.

సాఫ్ట్‌వేర్

ఫోటోషాప్‌ను రాసింది థామస్ నోల్, జాన్ నోల్ అనే అన్నదమ్ములు. థామస్ 1987లో మిషిగన్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తూ మొదలుపెట్టాడు. జాన్ అప్పటికి స్టార్ వార్స్ కోసం పుట్టిన ఇండస్ట్రియల్ లైట్ అండ్ మ్యాజిక్ అనే ట్రిక్ స్టూడియోలో ఉద్యోగి. అడోబి సంస్థ 1990 ఫిబ్రవరిలో తొలి వెర్షన్ విడుదల చేసింది. సినిమా స్పెషల్ ఎఫెక్టులే రోజువారీ పనిగా ఉన్న మనిషి చెయ్యి ఇందులో మొదటినుంచీ ఉంది. జాన్ తరువాత కాంతి ప్రభావాల కోసం నోల్ లైట్ ఫ్యాక్టరీ అనే ప్లగిన్ కూడా చేశాడు. లేయర్లు వచ్చింది 1994లో, మూడో వెర్షన్‌తో. అంతకుముందు ఇదే పనిని ఛానళ్లలో దాచిపెట్టుకుంటూ, ఒక్కసారి కలిపితే వెనక్కి రాని విధంగా చేయాల్సి వచ్చేది.

మబ్బుల వెనక ఉన్న గణితం కెన్ పెర్లిన్‌ది. 1982లో వచ్చిన ట్రాన్ చిత్రానికి పనిచేశాక, కంప్యూటరు బొమ్మలు మరీ నున్నగా ఉన్నాయన్న అసంతృప్తితో అతను ప్రకృతిలోని గజిబిజిని అంకెల్లో పట్టే పద్ధతి కనిపెట్టాడు. దానికి 1997లో అకాడమీ సాంకేతిక పురస్కారం దక్కింది. క్లౌడ్స్ ఫిల్టర్ ఆ కోవకు చెందినదే. ఉచితంగా దొరికే గింప్‌ను 1995లో బర్కిలీ విద్యార్థులు స్పెన్సర్ కింబల్, పీటర్ మాటిస్ మొదలుపెట్టారు. అందులో సూపర్‌నోవా అనే పేరుతోనే ఒక ఫిల్టర్ ఉంది. బ్రౌజర్‌లో నడిచే ఫోటోపీలోనూ పైన చెప్పిన లేయర్ల పద్ధతి దాదాపు యథాతథంగా కుదురుతుంది.

కృష్ణా తీరంలో పూర్వరంగం

వెలుగు చిమ్మే రూపాన్ని చిత్రించడం ఈ నేలకు కొత్త కాదు. విజయవాడకు ఎగువన కృష్ణ ఒడ్డునే ఉన్న అమరావతి స్తూప శిల్పాల్లో బుద్ధుడిని మనిషి రూపంలో కాక అగ్నిస్తంభంగా చూపించినవి ఉన్నాయి. స్తంభం అంచుల నుంచి మంట నాలుకలు వరసగా బయటికి వస్తాయి. రాయికి రంగూ లేదు, కాంతీ లేదు. అయినా అంచు పదునుగా, లోతు నీడగా చెక్కి శిల్పి మంటను రప్పించాడు. తెలుపు కంటే ముందు నీడను చూసుకోవాలన్న పాఠం అక్కడుంది. ఇంద్రకీలాద్రి అమ్మవారి బొమ్మ వెనక ప్రభ వేసేవారు ఒకసారి ఆ శిల్పాలను నిదానంగా చూడటం మంచిది.

సినిమాల దగ్గరికొస్తే, వన్ టౌన్‌లో పోతిన శ్రీనివాసరావు 1921లో మారుతి సినిమా హాలు పెట్టారు. అలాంటి హాళ్లలో ఆడిన తెలుగు పౌరాణికాల్లో రెండు అస్త్రాలు ఆకాశంలో ఢీకొని భగ్గుమనడం ప్రేక్షకుడు ఎదురుచూసే ఘట్టం. దాన్ని చేసింది కంప్యూటరు కాదు, ఫిల్మును వెనక్కి తిప్పి మళ్లీ ఎక్స్‌పోజ్ చేసే కెమెరామన్. నల్లగుడ్డ ముందు వెలిగించిన మెరుపును, అప్పటికే చిత్రించిన ఆకాశం మీద రెండోసారి పడనిస్తే, నలుపు ఏమీ చేర్చదు, మెరుపు మాత్రం కలుస్తుంది. స్క్రీన్ మోడ్ చేసేది దాదాపు ఇదే. 1957 నాటి మాయాబజార్‌లో మార్కస్ బార్ట్లే, 1961 నాటి సీతారామ కల్యాణంలో రవికాంత్ నగాయిచ్ ఈ విద్యను ఏ ఎత్తుకు తీసుకువెళ్లారో తెలుగువారికి చెప్పనక్కర్లేదు. వారి పని గురించి మాట్లాడేటప్పుడు ట్రిక్కు అనే చిన్నమాటతో సరిపెట్టడం అన్యాయం. తప్పు చేస్తే అన్‌డూ లేదు, కడిగాక గానీ ఫలితం తెలియదు. కంప్యూటర్ గ్రాఫిక్స్‌తో అమ్మోరు వచ్చింది 1995లో. రోదసి యాత్రే కథగా అంతరిక్షం 9000 కేఎంపీహెచ్ 2018 డిసెంబరులో విడుదలైంది.

పోస్టరు చిత్రకారుల దారి ఇంకా కష్టం. పాలకొల్లుకు చెందిన ఈశ్వర్ 1967 నాటి సాక్షి మొదలు వందల చిత్రాలకు పోస్టర్లు వేశారు, ఆ రంగం చరిత్రను సినిమా పోస్టర్ అనే గ్రంథంగా రాశారు. కుంచెకు కూడిక తెలియదు. రంగు మీద రంగు వేస్తే ముదురుతుందే గానీ వెలగదు. కాబట్టి వెలుగు ఎక్కడ కావాలో ముందే నిర్ణయించుకుని, అక్కడ కాగితాన్ని తెల్లగా వదిలి, చుట్టూ చీకటిని పేర్చుకుంటూ రావాలి. ఆ తరం పోస్టర్లలో మంటలు నేటికీ నిలబడటానికి కారణం ఆ ముందుచూపు. కంప్యూటరు దగ్గర మనం చివర్లో గ్లో తగిలిస్తాం, వాళ్లు మొదట్లోనే దానికి చోటు కట్టేవాళ్లు.

ఫ్లెక్సీకి ఎక్కేటప్పుడు

మానిటర్ మీద మిరుమిట్లు గొలిపిన పేలుడు ఫ్లెక్సీ మీద చప్పబడటం డిజైనర్లందరి అనుభవం. మానిటర్ వెలుగును కూడుతుంది. ఇంకు వెలుగును మింగుతుంది. సయాన్, మెజెంటా, పసుపు, నలుపు (సీఎంవైకే) ఇంకులతో అందుకోలేని రంగులు తెర మీద చాలా ఉన్నాయి. నియాన్ నీలం ఊదాగా మారుతుంది, మెరిసే నారింజ ఇటుక రంగుకు తిరుగుతుంది. పని అంతా ఆర్‌జీబీలోనే చేసి (లెన్స్ ఫ్లేర్ లాంటివి సీఎంవైకేలో అసలు పనిచేయవు), చివర్లో అన్నిటినీ ఒక్క లేయరుగా చేశాకే మార్చుకోవాలి. లేయర్లు ఉండగానే మోడ్ మారిస్తే స్క్రీన్, డాడ్జ్ లెక్కలు కొత్త రంగుల్లో మళ్లీ జరిగి బొమ్మ వేరే అయిపోతుంది. సీఎంవైకేలో నలుపు కోసం ఒక్క నల్ల ఇంకునే నమ్ముకుంటే అది బూడిదలా వస్తుంది. కింద కాస్త సయాన్, మెజెంటా చేరితేనే ఆకాశం లోతుగా కనబడుతుంది.

కొలతలు ఇంకో చిక్కు. 20 అడుగుల వెడల్పు, 10 అడుగుల ఎత్తు హోర్డింగును అంగుళానికి 72 పిక్సెళ్ల చొప్పున పూర్తి సైజులో తెరిస్తే 17,280 పిక్సెళ్ల వెడల్పు, 8,640 ఎత్తు, అంటే దాదాపు 15 కోట్ల పిక్సెళ్లు. ఒక్క లేయరే 400 మెగాబైట్లు దాటుతుంది. పది లేయర్లకు మామూలు కంప్యూటరు చేతులెత్తేస్తుంది. మామూలు పీఎస్‌డీ ఫైలు 2 గిగాబైట్ల దగ్గర ఆగిపోతుంది, ఆపైన పీఎస్‌బీగా దాచాలి. అందువల్ల చిన్న సైజులో చేసి పెంచుకోవడం తప్పదు. ఏది పెంచినా పరవాలేదు, ఏది పెంచకూడదు అన్నదే తెలియాలి. గ్లో స్వభావరీత్యా మసకే. నాలుగు రెట్లు పెంచినా అది చెడదు. నిప్పురవ్వలు, రాళ్ల అంచులు, హీరో మొహం, అక్షరాలు మాత్రం పెంచాక పెట్టాలి. ఈ ఒక్క క్రమం పాటిస్తే పాత కంప్యూటరు మీద కూడా పెద్ద హోర్డింగు చేయవచ్చు.

అన్నిటికంటే కనబడే లోపం చారలు. ఎరుపు నుంచి నలుపుకు మెల్లగా దిగే చోట వలయాలు వలయాలుగా మెట్లు తేలతాయి. లెక్క చూస్తే ఇందులో వింతేమీ లేదు. 8 బిట్ల ఫైలులో ఒక్కో రంగుకు 256 మెట్లే. గ్లో బయటి భాగం 40 నుంచి 0 దాకా, ఫ్లెక్సీ మీద నాలుగు అడుగుల మేర దిగుతోందనుకోండి. 48 అంగుళాలకు 40 మెట్లు, ఒక్కో మెట్టు అంగుళానికి పైగా వెడల్పు. దారిన పోయేవారికి అది చారగానే కనబడుతుంది. 16 బిట్ల ఫైలులో ఫోటోషాప్ 32,769 మెట్లు ఇస్తుంది కాబట్టి పని జరుగుతున్నంతసేపూ చారలు పెరగవు. ప్రింటుకు పంపేది ఎలాగూ 8 బిట్లే కనుక, చివర్లో ఒకటి రెండు శాతం నాయిస్ చల్లాలి. ఆ సన్నటి ఇసుక మెట్ల అంచులను చెరిపేస్తుంది, దూరం నుంచి ఇసుక కనబడదు. నునుపు కోసం గరుకు చల్లమంటే నమ్మబుద్ధి కాదు గానీ ఇంతకు మించిన మందు లేదు.

తెలుగు అక్షరాలు

మంట ముందు ఇంగ్లీషు అక్షరం నిలబడినంత తేలికగా తెలుగు అక్షరం నిలబడదు. మనది గుండ్రటి లిపి. తలకట్టుకూ అక్షరానికీ మధ్య సందు, గుడి లోపలి ఖాళీ, కింద వత్తు, అన్నీ చిన్నవే. ఇంగ్లీషుకు పెట్టే గ్లోను అలాగే పెడితే ఆ ఖాళీలన్నీ వెలుగుతో నిండి అక్షరం ముద్దవుతుంది. 'ఘ', 'ఠ', 'క్ష్మి' లాంటివి ముందుగా పోతాయి. గ్లో వ్యాసార్ధం అక్షరంలోని అతి చిన్న సందులో సగానికి మించకుండా చూసుకోవాలి. అక్షరం వెనక ముదురు ఎరుపు నీడ ఒకటి పెట్టి, దాని బయట గ్లో ఇస్తే చదవడానికి వీలుంటుంది.

ఫోటోషాప్ పాత వెర్షన్లు యూనికోడ్ తెలుగును సరిగా కూర్చలేకపోయేవి, వత్తులు విడిపోయి పక్కకు పడేవి. అందుకే డీటీపీ వాళ్లు అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లోనో కోరల్‌డ్రాలోనో టైపు చేసి, బొమ్మగా మార్చి తెచ్చుకునేవారు. ఇప్పుడు దక్షిణాసియా లిపుల టెక్స్ట్ ఇంజిన్ ఎంచుకుంటే యూనికోడ్ సరిగానే వస్తుంది. అయినా అను అలవాటు పోలేదు. ఆ ఫాంట్లలో ఉన్న పోస్టరు అక్షరాల రకాలకు చేతులు అలవాటుపడిపోయాయి.

ఫోన్లు, ఎల్‌ఈడీ బోర్డులు

ఈ పనిలో చాలా భాగం ఇప్పుడు ఫోనులోకి వెళ్లింది. పిక్సెల్‌ల్యాబ్, పిక్స్ఆర్ట్ వంటి యాప్‌లలో ముందే తయారై ఉన్న పేలుడు బొమ్మను తెచ్చి, నల్ల నేపథ్యం ఉంటే స్క్రీన్‌లో, లేకపోతే నేరుగా అంటిస్తారు. 2023లో ఫోటోషాప్‌లోనే జనరేటివ్ ఫిల్ వచ్చింది, మాట రాస్తే మంట వస్తుంది. అలా వచ్చిన మంటకు విడివిడి లేయర్లు ఉండవు. హీరో మొహం మీద పడాల్సిన నారింజ వెలుగు, రాళ్ల అంచుల గీత, అక్షరాల నీడ అన్నీ చేత్తోనే చేయాలి. ఎక్కడి వెలుగు ఎటు పడుతుందో తెలిసినవాడి చేతిలో ఆ సాధనం ఉపయోగపడుతుంది, తెలియనివాడి చేతిలో మనిషి ఒకచోట, మంట ఒకచోట మిగులుతాయి.

ప్లాస్టిక్ ఫ్లెక్సీలను నిషేధిస్తామని 2022 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రకటించినప్పుడు గుడ్డ మీద ముద్రణ గురించి ప్రింటర్లలో చర్చ లేచింది. గుడ్డ ఇంకును పీల్చుకుంటుంది, నలుపు ఇంకాస్త తేలిపోతుంది కాబట్టి దానికి పంపే ఫైలులో మధ్య రంగులను కొంచెం దించి, ఆకాశాన్ని మరింత ముదురుగా ఉంచుకోవాలి. కూడళ్లలో పెడుతున్న ఎల్‌ఈడీ బోర్డులది దీనికి పూర్తిగా ఎదురు లక్షణం. వాటిలో నలుపు అంటే వెలగని దీపం, తెలుపు అంటే నిజంగా కాంతి. ఇంకుతో పోయిన మిరుమిట్లు అక్కడ తిరిగి వస్తాయి, సీఎంవైకే గొడవ లేదు. కానీ దీపానికీ దీపానికీ 10 మిల్లీమీటర్ల ఎడం ఉండే పీ10 రకం బోర్డు పది అడుగుల వెడల్పుంటే అడ్డంగా దక్కేది 305 పిక్సెళ్లే. సన్నటి కిరణాలు, చిన్న రవ్వలు అందులో చుక్కలై మినుకుమంటాయి. వాటిని తీసేసి, మూడు బ్లర్‌ల గ్లోనూ, నాలుగు పెద్ద రాళ్లనూ, నడిమి తెలుపునూ మాత్రమే ఉంచి పంపాలి.